విచారణలో బాధితుల వకీలు ఎక్కడ?

2019 నవంబరు చివరి వారంలో, మూడు రోజుల తేడాతో, తెలంగాణలో ఇద్దరు మహిళలు ఒకే రకమైన ఘోరానికి బలయ్యారు. నవంబరు 24న కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ మండలంలో, ఊరూరా తిరిగి చిన్న చిన్న సామాన్లు అమ్ముకొని బతికే ఒక దళిత మహిళపై ముగ్గురు అత్యాచారం చేసి చంపేశారు. ఆమె కుటుంబం ఉండేది నిర్మల్ జిల్లా ఖానాపూర్ మండలంలో. వారిది బుడగ జంగం కులం. నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలిపై అదే దారుణం జరిగింది. పోలీసులు మొదటి మహిళకు సమత అనీ, రెండో మహిళకు దిశ అనీ పేర్లు పెట్టారు. దిశ పేరు దేశమంతా మారుమోగింది. సమత పేరు వినిపించడానికి దళిత సంఘాలూ, మహిళా సంఘాలూ రోడ్డెక్కవలసి వచ్చింది.

ఎవరి చావుకు ఎంత దుఃఖం అన్నది ఈ దేశంలో కులాన్ని బట్టి తేలుతుందని అప్పట్లో చాలామంది రాశారు. ఆ మాట నిజమే. కానీ ఆ రెండు ఘటనల మధ్య మరో తేడా కూడా ఉంది. దాని గురించి తగినంత చర్చ జరగలేదు. దిశ కేసులో నిందితులు నలుగురినీ డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర పోలీసులు కాల్చి చంపారు. ఆరు రోజులకే, డిసెంబరు 12న, ఆ కాల్పులపై విచారణకు సుప్రీంకోర్టు జస్టిస్ వి.ఎస్. సిర్పూర్కర్ అధ్యక్షతన ముగ్గురు సభ్యుల కమిషన్‌ను నియమించింది. సమత కేసు ఆదిలాబాద్‌లో ఏర్పాటైన ప్రత్యేక కోర్టుకు వెళ్లింది. 2020 జనవరి 30న ఆ కోర్టు ముగ్గురు దోషులకూ మరణశిక్ష విధించింది. చటాన్‌పల్లి చావులకు రాజ్యం బోనెక్కి జవాబు చెప్పవలసి వచ్చింది. ఖానాపూర్ మహిళ చావుకు ముగ్గురు మనుషులు జవాబు చెప్పారు. ఏ వ్యవస్థా చెప్పలేదు.

శిక్ష పడింది కదా, ఇంకేం కావాలి అని అడిగేవారు ఉంటారు. కేసుకూ విచారణకూ ఉన్న తేడా తెలిస్తే ఆ ప్రశ్న రాదు. క్రిమినల్ కోర్టు ముందున్న ప్రశ్న చాలా ఇరుకైనది. ఫలానా రోజున, ఫలానా చోట, ఫలానా నేరం ఈ మనిషి చేశాడా లేదా? అంతవరకే. దానికి అవసరం లేని ప్రశ్నను కోర్టు అడగనివ్వదు, అడగనివ్వకపోవడమే న్యాయం కూడా. బహిరంగ విచారణ అడిగేది వేరు. ఇది జరగడానికి వీలు కల్పించింది ఏమిటి? ఎవరు ఏ పని చేయవలసి ఉండి చేయలేదు? మళ్లీ జరగకుండా ఏం మారాలి? మన దేశంలో ఈ పనికి 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం ఉంది. సాక్షులను పిలిపించడానికీ, కాగితాలు తెప్పించడానికీ, ప్రమాణం చేయించి వాంగ్మూలం తీసుకోవడానికీ కమిషన్‌కు సివిల్ కోర్టుకున్న అధికారాలు ఉంటాయి. శిక్ష వేసే అధికారం మాత్రం ఉండదు. కమిషన్ సిఫార్సులకు ప్రభుత్వం కట్టుబడనవసరం లేదని 1958లోనే దాల్మియా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

శిక్ష వేయలేని కమిషన్ చేతిలో ఉన్న ఆయుధం ఒక్కటే, ప్రశ్న. ఆ ప్రశ్న అడిగే మనిషి వకీలు. న్యాయమూర్తి ఎంత నిజాయితీపరుడైనా, తన ముందుకు వచ్చిన కాగితం మీదనే, తన ముందు నిలబడిన సాక్షి మీదనే ఆధారపడతాడు. ఏ కాగితం రావాలో, ఏ సాక్షి నిలబడాలో ముందే పట్టుకోవలసిన పని వకీలుది. ఇంగ్లండులో ఈ పనిని రెండుగా విడగొట్టారు. కాగితాలు సేకరించి, సాక్షుల ఇళ్లకు వెళ్లి వాంగ్మూలాలు రాసుకొని, విచారణకు సిద్ధం చేసే న్యాయవాది సొలిసిటర్. కమిషన్ ముందు లేచి ప్రశ్నించే న్యాయవాది బారిస్టర్. మన దగ్గర ఆ విభజన లేదు, అడ్వకేటే రెండూ చేయాలి. ఆచరణలో మొదటి పని చేసేవారే దొరకరు. లింగాపూర్ అడవి దారిలో తిరిగి, చదువురాని సాక్షి చెప్పింది చెప్పినట్టు రాసుకొని, దాన్ని అఫిడవిట్‌గా మార్చి, హైదరాబాద్‌లో విచారణ జరిగే రోజున ఆ సాక్షిని బస్సెక్కించి తీసుకువచ్చే వకీలు ఎవరు? ఆయనకు ఫీజు ఎవరిస్తారు?

చట్టం ఈ విషయంలో ఎవరి పక్కన నిలబడిందో చూడండి. విచారణ కమిషన్ల చట్టంలోని 8బి సెక్షన్ ప్రకారం, ఎవరి ప్రవర్తనను కమిషన్ పరిశీలించవలసి వస్తుందో, విచారణ వల్ల ఎవరి ప్రతిష్ఠకు భంగం కలగవచ్చో వారికి తమ వాదన చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. 8సి సెక్షన్ ప్రకారం వారికీ, ప్రభుత్వానికీ సాక్షులను క్రాస్ ఎగ్జామినేషన్ చేసే హక్కు, వకీలును పెట్టుకునే హక్కు ఉన్నాయి. తక్కినవారు, అంటే కమిషన్ ముందు సాక్ష్యం ఇచ్చిన మామూలు మనుషులు, కమిషన్ అనుమతిస్తేనే ఆ పని చేయగలరు. అధికారి పరువుకు హక్కు ఉంది, చచ్చిపోయిన మనిషి కుటుంబానికి అనుమతి మాత్రమే ఉంది. ఆరోపణకు గురైనవారికి జవాబు చెప్పుకునే అవకాశం ఉండవలసిందే, అందులో రెండో మాట లేదు. కానీ బాధితులు ఆ అవకాశం కోసం దరఖాస్తు పెట్టుకోవలసిన స్థితి ఎందుకు? అధికారుల తరఫున ప్రభుత్వ ఖర్చుతో పెద్ద వకీళ్లు వచ్చే చోట, దినకూలీ మానుకొని వచ్చిన కుటుంబం గోడవారగా నిలబడి చూడవలసిందేనా?

మంచి వకీలు ఉంటే కమిషన్ ఏం చేయగలదో సిర్పూర్కర్ కమిషనే చూపించింది. నిందితులు తమ కళ్లలో మట్టి కొట్టి, తుపాకులు లాక్కొని కాల్చబోతే, ఆత్మరక్షణ కోసం కాల్చామని పోలీసులు చెప్పారు. ఆ మాటను ఆనాడు సమాజంలో చాలా భాగం చప్పట్లతో స్వీకరించింది. 2021లో హైదరాబాద్‌లో బహిరంగంగా జరిగిన విచారణలో యాభైకి పైగా సాక్షులు ప్రశ్నలను ఎదుర్కొన్నారు. ఆనాటి సైబరాబాద్ పోలీసు కమిషనర్ కూడా వారిలో ఉన్నారు. పంచనామాకూ పోస్టుమార్టంకూ, ఒకరి వాంగ్మూలానికీ మరొకరి వాంగ్మూలానికీ పొంతన చూస్తూ సాగిన ఆ ప్రశ్నల ముందు పోలీసుల కథ నిలవలేదు. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని, నలుగురిలో ముగ్గురు ఘటన నాటికి మైనర్లని కమిషన్ తేల్చింది. పది మంది పోలీసులపై హత్యానేరం విచారణ జరగాలని సిఫార్సు చేసింది. నివేదికను సీల్డు కవరులోనే ఉంచాలన్న అభ్యర్థనను 2022 మే 20న సుప్రీంకోర్టు తిరస్కరించి, వ్యవహారాన్ని తెలంగాణ హైకోర్టుకు పంపింది. తర్వాతి చర్యల సంగతి ఎలా ఉన్నా, ఆ తెల్లవారుజామున ఏం జరిగిందన్న దానిపై ఇక ప్రభుత్వ కథనం ఒక్కటే చరిత్ర కాదు. ఆ మృతుల తల్లిదండ్రులు కూడా పేదలే. వారి మాట రికార్డులోకి ఎక్కడానికి కారణం, వారి వైపు నుంచీ కమిషన్ వైపు నుంచీ ప్రశ్న అడిగే వకీళ్లు ఉండటమే.

ప్రశ్న అంటే రాజ్యానికి ఎంత భయమో తెలియాలంటే 1977కు వెళ్లాలి. ఎమర్జెన్సీ కాలంలో, 1975 జులైలో, మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులను చంపి ఎన్‌కౌంటర్ అన్నారు. ఎమర్జెన్సీ పోయాక తార్కుండే కమిటీ నిజనిర్ధారణ చేసి అది ఎన్‌కౌంటర్ కాదని చెప్పింది. ఆ ఒత్తిడితో జస్టిస్ వశిష్ఠ భార్గవ కమిషన్ ఏర్పడింది. కె.జి. కన్నబిరాన్ ఆ కమిషన్ ముందు పౌరహక్కుల పక్షాన నిలబడి ప్రశ్నించారు. సాక్ష్యాలు బయటికి వస్తున్న కొద్దీ, ఇక మీదట విచారణ రహస్యంగా జరగాలని ప్రభుత్వం కోరింది. మూసిన తలుపుల వెనుక జరిగే విచారణలో పాల్గొనబోమని పౌరహక్కుల పక్షం తప్పుకుంది. కమిషన్ అర్ధాంతరంగా ముగిసిపోయింది. తీర్పు చెప్పే అధికారం లేని ఒక కమిషన్‌ను చూసి ప్రభుత్వం తలుపులు మూయాలనుకున్నదంటే, బహిరంగంగా అడిగిన ప్రశ్నకు ఎంత బలం ఉందో వేరే చెప్పనవసరం లేదు.

దళిత ఉద్యమం ఈ సంగతిని అనుభవంతో నేర్చుకుంది. 1985 జులై 17న కారంచేడులో మాదిగలను ఊచకోత కోసినప్పుడు, బొజ్జా తారకం హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవిని వదులుకొని బాధితుల వైపు వచ్చారు. ఆయన అంతకుముందు నిజామాబాద్‌లో వకీలుగా పనిచేసినవారు, ఉత్తర తెలంగాణ పల్లెల్లో కోర్టు గుమ్మం ఎంత ఎత్తో ఎరిగినవారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపినప్పుడు, బాధితులు నష్టపరిహారంతో ఆగలేదు. కోర్టు మా ఊరికే రావాలన్నారు, మా నమ్మకం పొందిన వకీలే ప్రాసిక్యూటర్‌గా ఉండాలన్నారు. రెండూ సాధించుకున్నారు. ప్రత్యేక కోర్టు చుండూరులోనే కూర్చుంది, బి. చంద్రశేఖర్ ప్రత్యేక ప్రాసిక్యూటర్‌గా వాదించారు. 2007 జులై 31న 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టివేయడం వేరే విషాదం. అయినా సాక్షులు పదహారేళ్లు చెదరకుండా నిలబడ్డారంటే, తమ వైపు నిలబడే మనిషి ఒకరు కోర్టులో ఉన్నారన్న ధైర్యం దానికి ఒక కారణం.

కులం లాగే జాతి కూడా వ్యవస్థల లోపల దాక్కుంటుంది. దాన్ని బయటికి లాగిన విచారణ ఒకటి ఇంగ్లండులో జరిగింది. 1993 ఏప్రిల్ 22న లండన్‌లో స్టీఫెన్ లారెన్స్ అనే నల్లజాతి యువకుణ్ని తెల్లజాతి యువకుల గుంపు బస్‌స్టాప్ దగ్గర పొడిచి చంపింది. పోలీసు దర్యాప్తు నీరుగారిపోయింది. ఇమ్రాన్ ఖాన్ అనే సొలిసిటర్ ఆ తల్లిదండ్రుల పక్షాన ఏళ్ల తరబడి పట్టు విడవలేదు. చివరికి సర్ విలియం మాక్‌ఫర్సన్ అధ్యక్షతన బహిరంగ విచారణ జరిగింది. ఒకరిద్దరు చెడ్డ పోలీసుల మీద నెపం నెట్టి ఊరుకోకుండా, లండన్ పోలీసు వ్యవస్థలోనే జాతి వివక్ష ఉందని 1999 ఫిబ్రవరిలో వెలువడిన నివేదిక చెప్పింది. 70 సిఫార్సులు చేసింది. ఇద్దరు హంతకులకు శిక్ష పడింది 2012లో. శిక్ష కంటే పదమూడేళ్లు ముందే వ్యవస్థ నేరం రికార్డుకెక్కింది. మన పోలీసు స్టేషన్లలో, ఆసుపత్రుల్లో, రెవెన్యూ కార్యాలయాల్లో కులం ఎలా పనిచేస్తుందో చెప్పే అలాంటి అధికారిక నివేదిక మన దగ్గర ఎన్ని దళిత హత్యల తర్వాత వచ్చింది?

ఇప్పుడు ఖానాపూర్ వైపు చూద్దాం. సమత చావుపై 1952 చట్టం కింద విచారణ జరిగి ఉంటే అడగవలసిన ప్రశ్నలు చాలా ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక నిబంధనల ప్రకారం జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ మూడు నెలలకోసారి కూర్చోవాలి. ఆ ఏడాది ఎన్నిసార్లు కూర్చుంది, సంచార కులాల గురించి ఒక్క మాటైనా మాట్లాడిందా? దాడులు జరిగే అవకాశం ఉన్న ప్రాంతాలను ముందే గుర్తించాలన్న నిబంధన ఆసిఫాబాద్, నిర్మల్ జిల్లాల్లో ఎలా అమలైంది? మనిషి కనిపించడం లేదని పేదవాడు స్టేషన్ మెట్లెక్కితే మొదటి గంటలో ఏం జరుగుతుంది? ఒంటరిగా ఊళ్లు తిరిగి సామాన్లు అమ్ముకునే ఆడవాళ్ల భద్రత ఏ శాఖ బాధ్యత? విధుల్లో నిర్లక్ష్యం చూపిన ఉద్యోగిపై చర్య తీసుకోవడానికి ఆ చట్టంలో 4వ సెక్షన్ ఉంది, దాన్ని వాడే ఆలోచన ఎవరికైనా వచ్చిందా? ఇవి క్రిమినల్ కోర్టు అడిగే ప్రశ్నలు కావు. అడగవలసిన వేదిక ఏర్పడలేదు గనుక ఇవి అడగని ప్రశ్నలుగానే మిగిలాయి.

వకీలు లేకపోవడం ఆ కేసులో ఇంకో రూపంలోనూ కనిపించింది. నిందితుల తరఫున వాదించబోమని స్థానిక న్యాయవాదులు నిర్ణయించుకున్నారు. కోర్టే ఒక న్యాయవాదిని నియమించవలసి వచ్చింది. ఆ కోపం అర్థం చేసుకోదగినదే. కానీ ఇలాంటి తీర్మానాలు చెల్లవని 2010లో మహమ్మద్ రఫీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఈ విషయంలో అందరికంటే జాగ్రత్తగా ఉండవలసింది దళితులే. ఇవాళ ప్రజాగ్రహం పేరుతో ఒక నిందితుడికి వకీలు లేకుండా చేసే బార్, రేపు ఊరి పెద్దల ఆగ్రహం పేరుతో దళితుడికి కూడా వకీలు లేకుండా చేయగలదు. దొంగతనం మోపబడిన సంచార కులాల మనిషికి ఆ అనుభవం కొత్తది కాదు. గట్టి వకీలు ఎదురుగా ఉండి గెలిచిన కేసే పైకోర్టులో కూడా గట్టిగా నిలబడుతుంది.

విచారణ అంటే హత్యలకే పరిమితం కాదు. ఎస్సీ వర్గీకరణపై 1996లో జస్టిస్ రామచంద్రరాజు కమిషన్, 2007లో జస్టిస్ ఉషా మెహ్రా కమిషన్, 2024 ఆగస్టు 1 నాటి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత తెలంగాణలో జస్టిస్ షమీమ్ అక్తర్ ఏకసభ్య కమిషన్, ఇవన్నీ ప్రజల వినతులు తీసుకొని తేల్చిన విచారణలే. షమీమ్ అక్తర్ కమిషన్ బుడగ జంగాలను అత్యంత వెనుకబడిన 15 కులాల్లో ఒకటిగా మొదటి గ్రూపులో చేర్చింది, ఆ గ్రూపుకు 1 శాతం రిజర్వేషన్ సిఫార్సు చేసింది. 2025 ఏప్రిల్ 14 నుంచి అది చట్టంగా అమలులోకి వచ్చింది. సమత కులం పేరు ఒక ప్రభుత్వ చట్టంలో మొదటి వరుసలో ఉండటం చిన్న విషయం కాదు. అయితే వినతిపత్రాలతో నడిచే విచారణలో సంఘం ఉన్న కులం లెక్కలతో వస్తుంది, ఉద్యోగులున్న కులం పట్టికలతో వస్తుంది, వకీళ్లున్న కులం తీర్పులతో వస్తుంది. గుడారం మోసుకొని ఊళ్లు తిరిగే కులం దేనితో వస్తుంది? కుల ధ్రువీకరణ పత్రం కోసమే తహసీల్దార్ కార్యాలయం చుట్టూ తిరిగేవారు, తమ వెనుకబాటును ఏ కాగితంతో రుజువు చేయాలి? వాళ్ల మధ్య కూర్చొని వాంగ్మూలాలు రాసే వకీలు ఉంటే, ఆ ఒక్క శాతం సరిపోతుందా లేదా అన్న చర్చ కూడా మరో తీరున జరిగి ఉండేది.

కమిషన్లు వేయడం అంటే సమస్యను అటకెక్కించడమే అన్న విమర్శ ఉంది. అది అనుభవం నుంచి వచ్చిన విమర్శే, కొట్టిపారేయలేం. నివేదిక అందిన ఆరు నెలల్లోగా, తీసుకున్న చర్యల వివరంతో సహా శాసనసభ ముందు పెట్టాలని చట్టమే చెబుతున్నా, నివేదికలు దుమ్ము పట్టడం చూస్తూనే ఉన్నాం. అయితే అటకెక్కేది ఎవరూ వెంటపడని నివేదిక. భార్గవ కమిషన్ నుంచి సిర్పూర్కర్ కమిషన్ దాకా చూస్తే, బాధితుల వైపు పట్టుదల గల వకీలు ఉన్నచోట ప్రభుత్వానికి తలుపులు మూయవలసి వచ్చింది, లేదా నిజం రికార్డుకెక్కింది. విచారణ వద్దనడం వల్ల ఆ రెండూ జరగవు.

కాబట్టి అడగవలసినవి స్పష్టంగా అడగాలి. మొదటిది, విచారణ కమిషన్ల చట్టంలోని 8సి సెక్షన్‌ను సవరించి, బాధితులకూ వారి కుటుంబాలకూ కమిషన్ ముందు వకీలు ద్వారా ప్రశ్నించడాన్ని అనుమతిగా కాక హక్కుగా మార్చాలి. 2015 సవరణతో అత్యాచారాల నిరోధక చట్టంలో చేరిన 15ఎ సెక్షన్, బెయిలు నుంచి శిక్ష దాకా ప్రతి దశలోనూ బాధితుల మాట వినాలని ఇప్పటికే చెబుతోంది. కోర్టులో ఉన్న హక్కు కమిషన్‌లో లేకపోవడానికి కారణం కనిపించదు. రెండోది, ఆ వకీలు ఖర్చు ప్రభుత్వం భరించాలి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఇస్తుంది. కానీ ఆ చట్టంలో ‘కోర్టు’ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం తీర్పు చెప్పే సంస్థలను ఉద్దేశించింది. తీర్పు చెప్పని విచారణ కమిషన్ దాని కిందికి వస్తుందో రాదో అన్న సందేహానికి తావు లేకుండా సవరించాలి. మూడోది, బాధితులు కోరితే పేరున్న సీనియర్ న్యాయవాదిని నియమించే అధికారం నిబంధన 4(5) కింద జిల్లా కలెక్టరుకు ఉంది. ఆ సంగతి బాధితులకు మొదటి రోజే, వారికి అర్థమయ్యే మాటల్లో చెప్పాలి.

నాలుగో పని ప్రభుత్వానిది కాదు. ఉస్మానియాలో, కాకతీయలో న్యాయశాస్త్రం చదువుతున్న దళిత, ఆదివాసీ, సంచార కులాల విద్యార్థులది. వాదనా పటిమతో పేరు తెచ్చుకునే వకీళ్లు మనకు వచ్చారు, ఇంకా వస్తారు. వాంగ్మూలం రాసే వకీళ్లు తక్కువ. ఎఫ్‌ఐఆర్ ఎన్ని గంటలకు నమోదైందో చూడటం, స్టేషన్ డైరీ నకలు అడగడం, సాక్షి చెప్పిన మాటను సాక్షి భాషలోనే ఉంచడం, సమాచార హక్కు దరఖాస్తుతో కమిటీ మినిట్స్ తెప్పించడం, వీటికి పేరు రాదు, ఫీజూ సరిగా రాదు. కానీ ఏ కమిషన్ అయినా చివరికి నిలబడేది ఈ కాగితాల మీదనే. తారకం ‘పోలీసులు అరెస్టు చేస్తే’ అన్న చిన్న పుస్తకం రాసింది కోర్టు మెట్లు ఎక్కని మనుషుల కోసమే. ఆ పనిని ఖానాపూర్, ఉట్నూర్, జన్నారం పల్లెల్లో, సంచార కులాల గుడారాల మధ్య కొనసాగించే యువ న్యాయవాదులు పది మంది తయారైతే, ఈ జిల్లాల్లో తర్వాత జరిగే విచారణలో బాధితుల కుర్చీ ఖాళీగా ఉండదు.